కొలతల కచేరీలో వేలిముద్రలు

మన వూళ్ళలో "వేలిముద్ర" అనే మాటకు కొంత చిన్నతనం అంటుకొని వుంది. సంతకం చేతకానివాడు వేసేది వేలిముద్ర. రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజు మీద బొటనవేలు ఒత్తిన తరువాత పక్కన గుమాస్తా "ఫలానావారి నిశాని" అని వ్రాసుకొనేవాడు. వేలికంటిన సిరాను ఆ ముసలాయన తలకు రాసుకొని బయటికి వచ్చేవాడు. బడి ఎగ్గొట్టిన పిల్లవాడిని "వేలిముద్రగాడివి అవుతావురా" అని పెద్దలు భయపెట్టేవారు. అలా భయపడి చదువుకొని, డిగ్రీలు మూటగట్టుకొని, సముద్రాలు దాటి అమెరికా వచ్చిన మనం ఇక్కడ చేసిన మొదటి పనులలో ఒకటి పది వేళ్ళూ ఒత్తడం. వీసాకు ఒత్తాము, గ్రీన్ కార్డుకు ఒత్తాము. వైద్యులమైన పాపానికి మెడికల్ లైసెన్సు కోసం మరొకసారి ఒత్తాము.

ఆ ముద్ర అక్కడినుంచి ఎక్కడికి పోతుంది, యంత్రం దానిని ఎలా చదువుతుంది, ఒక రాష్ట్రంలో తీసిన ముద్రను ఇంకొక రాష్ట్రపు యంత్రం ఎలా అర్థం చేసుకుంటుంది అన్న సందేహాలతో మేము కొంతకాలంగా తీరిక వేళల్లో ఆ చరిత్ర చదువుతూ వచ్చాము. పోలీసుల కథ అనుకొని మొదలుపెట్టిన ఆ చదువు చివరకు కొలతల ఇంజనీర్ల కథగా తేలింది. అందులోని మనుషులు తుపాకీ పట్టినవారు కారు, ఎవరినీ అరెస్టు చేసినవారు కారు. ప్రభుత్వంలో జీతం తీసుకొంటూ, పోలీసులకూ కోర్టులకూ "మీ పనిముట్టు ఇలా వుండాలి" అని సలహా చెప్పినవారు.

ఆ సలహాదారుల ఇల్లు నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్. 1901లో వాషింగ్టన్‌లో పుట్టింది, 1960లలో మేరీలాండ్‌లోని గెయిథర్స్‌బర్గ్‌కు తరలింది, 1988లో పేరు మార్చుకొని 'నిస్ట్' అయింది. గజం ఎంత, పౌను ఎంత అని తేల్చే కచేరీ అది. దానికి ప్రజల్లో పేరు తెచ్చిన సంఘటన ఒక అగ్నిప్రమాదం. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరం తగులబడింది. చుట్టుపక్కల నగరాల నుంచి అగ్నిమాపక దళాలు రైళ్ళలో పరుగెత్తుకొని వచ్చాయి. నీళ్ళున్నాయి, మనుషులున్నారు, గొట్టాలున్నాయి. కాని ఆ వూరి గొట్టపు మర ఈ వూరి కొళాయికి పట్టలేదు. 1500కు పైగా భవనాలు కాలిపోయాయి. బ్యూరోవారు తరువాత లెక్క తీస్తే దేశంలో ఆరువందల రకాల మరలు బయటపడ్డాయి. పాఠకులు ఈ గొట్టాల సంగతి గుర్తుంచుకోవాలి. ఎనభై ఏళ్ళ తరువాత వేలిముద్రల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది.

ఈ కచేరీకీ నేర పరిశోధనకూ తొలి చుట్టరికం కలిపినవారు విల్మర్ సౌడర్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు. ఆయన అసలు పని పళ్ళకు సంబంధించింది. పుచ్చిన పళ్ళలో నింపే రసమిశ్రమం ఎంత వ్యాకోచించాలి, ఎంత గట్టిగా వుండాలి అన్న కొలతలను మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో సైన్యం అడిగితే తేల్చి చెప్పింది ఆయనే. ఇవాళ ఏ దంతవైద్యుడు పళ్ళు నింపినా ఆ పరంపరలోని ప్రమాణమే పాటిస్తాడు. అటువంటి మనిషి దగ్గరకు ప్రభుత్వ శాఖలు దొంగ సంతకాలూ, బెదిరింపు ఉత్తరాలూ, తుపాకీ గుండ్లూ పట్టుకొని రావడం మొదలుపెట్టాయి. సూక్ష్మమైన కొలతలు చేయగలవాడు ఇంకెవరున్నారు మరి! 1929 మొదలు 1954 వరకు ఆయన నోటు పుస్తకాలలో ఎనిమిది వందలకు పైగా కేసులున్నాయి. 1932లో ఎఫ్.బి.ఐ. తన ప్రయోగశాలను నెలకొల్పుకొన్నప్పుడు సలహా చెప్పినవారిలో ఆయన ఒకరు. అదే సంవత్సరం విమానవీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకుపోయి చంపిన కేసులో, 1935 నాటి విచారణలో, చేతివ్రాత గురించి సాక్ష్యం చెప్పిన నిపుణులలోనూ ఆయన వున్నారు. చేతివ్రాత సాక్ష్యానికి పంటి సిమెంటుకున్నంత గట్టి ప్రమాణం ఏనాడూ లేదని మా అభిప్రాయం. అయినా ఒక అలవాటు అక్కడ స్థిరపడింది. పోలీసు కాని మనిషి, ఏ పక్షానికీ చెందని కొలతగాడు, న్యాయస్థానానికి కావలసినవాడయ్యాడు.

ఇక వేలిముద్రలు. ఇక్కడ మేము మా వృత్తి గర్వం కొంచెం చూపించుకోక తప్పదు. వేలికొసల గీతలను తొమ్మిది నమూనాలుగా విడదీసి 1823లో వర్ణించిన పుర్కిన్యే వైద్యుడే. నేరస్థలంలో దొరికిన ముద్రతో మనిషిని పట్టవచ్చునని 1880లో 'నేచర్' పత్రికకు వ్రాసిన హెన్రీ ఫాల్డ్స్ కూడా టోక్యోలో ఆసుపత్రి నడుపుతూ వుండిన స్కాట్లండు వైద్యుడే. ఆ మాట ముందు తాను అన్నానంటే తాను అన్నానని ఫాల్డ్స్ ముసలితనం దాకా వాదులాడుతూనే వున్నారు. ఆయన ప్రత్యర్థి విలియం హెర్షెల్ బెంగాలులో కలెక్టరీ చేసిన దొర. 1858లో జంగీపూరులో ఒక కంట్రాక్టరు మాట తప్పకుండా వుండేందుకు కాగితం మీద అతని అరచేయి ముద్ర వేయించుకొన్నాడు. అప్పటికది శాస్త్రం కాదు, బెదురు మంత్రం.

శాస్త్రం చేసింది కలకత్తా. 1897లో అక్కడ తెరిచిన వేలిముద్రల బ్యూరోలో పది వేళ్ళ నమూనాలనుబట్టి కార్డులను 1024 అరలలోకి పంచే లెక్క కట్టినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. హక్ లెక్కల విద్యార్థి. కాని ఆ పద్ధతికి వచ్చిన పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీది. 1901లో ఆయన దానిని లండను తీసుకుపోయారు, అక్కడినుంచి అది అమెరికా చేరింది. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లకూ చాలా ఏళ్ళ తరువాత బిరుదులు దక్కాయి. పద్ధతి మాత్రం ఈనాటికీ "హెన్రీ పద్ధతే."

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది, దానిని అర్థం చేసుకొంటే తరువాతి కథ అంతా అర్థమవుతుంది. అరలు పది వేళ్ళ లెక్కమీద కట్టినవి. దొంగ కిటికీ అద్దం మీద పది వేళ్ళూ వదిలిపోడు కదా! ఒక్క వేలు, అందులోనూ సగం, దొరికితే ఏ అరలో వెతకాలో తెలియదు. ఎవరిమీదనైనా అనుమానం వుంటే వాడి కార్డు తీసి పోల్చవచ్చును. అనుమానమే లేకపోతే ఆ సగం ముద్ర సీసాలో మూతబెట్టిన సాక్షి వంటిది.

1924లో ఎఫ్.బి.ఐ. తన గుర్తింపు విభాగాన్ని 8,10,188 కార్డులతో మొదలుపెట్టింది. 1946కు అవి 10 కోట్లు దాటాయి. యుద్ధకాలంలో సైనికులవీ, కర్మాగారాల ఉద్యోగులవీ వచ్చి చేరాయి. గుమాస్తాలు భూతద్దాలు పట్టుకొని వెదికేవారు. 1963లో ఆ విభాగంలోని కార్ల్ వోల్కర్ అనే అధికారి ఇది ఇంకెంతోకాలం సాగదని గ్రహించి బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ తలుపు తట్టారు. అక్కడ ఆయన మాట విన్నవారు ఇద్దరు, రేమండ్ మూర్, జోసెఫ్ వెగ్‌స్టీన్.

వెగ్‌స్టీన్ పేరు మన సంఘంలోని కెమికల్ ఇంజనీర్లు కొందరు వినే వుంటారు. సమీకరణాలకు దగ్గరి జవాబు త్వరగా రాబట్టే "వెగ్‌స్టీన్ పద్ధతి" ఆయనదే. ఆల్గాల్ భాషను రూపొందించిన సంఘంలోనూ ఆయన వున్నారు, కోబాల్ భాష పుట్టిన 1959 నాటి సంఘానికి అధ్యక్షత కూడా వహించారు. మన ముందు తరంలో ఎంతమంది కోబాల్ అన్నం తిన్నారో వేరే చెప్పనక్కరలేదు. అంతటివాడు పోలీసు కార్డుల పనికి కూర్చొని, ఇరవై ఏళ్ళు అందులోనే వుండిపోయారు.

ఇద్దరూ కలిసి సమస్యను రెండుగా చీల్చారు. ముద్రను యంత్రం చూచి అందులోని విశేషాలను పట్టుకోవడం ఒకటి. అలా పట్టుకొన్న విశేషాల పట్టికలు రెంటిని పోల్చడం రెండవది. విశేషాలంటే ఏమిటి? వేలి గీత ఎక్కడో హఠాత్తుగా ఆగిపోతుంది, లేదా పలుగుకర్రలా రెండుగా చీలుతుంది. అటువంటి చోట్లు నిండు ముద్రలో సుమారు నూరు వుంటాయి. ఒక్కొక్కదానికి అడ్డం ఎంత, నిలువు ఎంత, గీత ఏ దిశకు పోతున్నది అన్న మూడు అంకెలు చాలు. బొమ్మ పోయి అంకెల పట్టిక మిగులుతుంది. ఆకాశంలో నక్షత్రాల పటం లాంటిదే.

వినడానికి ఇంతే. కాని వేలు రాయి కాదు, చర్మం. వైద్యులకు ఇది వేరే చెప్పాలా? గట్టిగా ఒత్తితే సాగుతుంది, పక్కకు జరిపి ఒత్తితే మెలిపడుతుంది. ఒకే మనిషి ఒకే వేలిని రెండుసార్లు ఒత్తినా చుక్కలు ఒకదానిమీద ఒకటి కూర్చోవు. వెగ్‌స్టీన్ ఏళ్ళ తరబడి తలపట్టుకొన్నది ఈ సాగుడు గురించే. మొత్తం ముద్ర సరిపోకపోయినా, ఇరుగుపొరుగు చుక్కల మధ్య తేడాలు ఒకే తీరుగా వుంటే ఆ సరిపోలికకు ఎక్కువ మార్కులు, లేకపోతే తక్కువ మార్కులు అన్న తరహాలో లెక్కలు కట్టారు. వాటికి ఎం-19, ఎం-40 వంటి పేర్లు పెట్టారు. చివరిదైన ఎం-82 1982 నాటిది. అంతవరకు గుమాస్తా "అవును" లేదా "కాదు" అనేవాడు. ఇప్పుడు యంత్రం "ఇంత" అనడం మొదలుపెట్టింది.

చూచే యంత్రాన్ని బయటి కంపెనీలకు అప్పగించారు. కార్నెల్ ఏరోనాటికల్ లేబొరేటరీవారి నమూనా 'ఫైండర్' 1972లో వాషింగ్టన్ చేరింది. ఆ తరువాత రాక్‌వెల్ కంపెనీ అటువంటివి ఐదు చేసి ఇచ్చింది. వాటితో కోటిన్నర నేరస్థుల కార్డులను అంకెల్లోకి దించారు.

ఆ ఏళ్ళలోనే, 1971లో, బ్యూరోలో పోలీసు పనిముట్ల కోసం ప్రత్యేక ప్రయోగశాల ఒకటి వెలిసింది. రేడియోలు, బేడీలు, గుండు తగలని కవచాలు అన్నిటికీ అక్కడినుంచి ప్రమాణాలు వచ్చాయి. కవచం వెనుక మట్టిదిమ్మ పెట్టి తుపాకీ పేల్చి, గుంట 44 మిల్లీమీటర్లు మించకూడదన్న నియమం ఆ దశకపు పరీక్షల ఫలితమే. గుండు ఆగినా దెబ్బ ఆగదు కనుక, లోపల గుండె, కాలేయం ఏమవుతాయన్న ప్రశ్న అందులో వుంది. అది మరో వ్యాసానికి సరిపడే విషయం. సంపాదకులు కాగితం ఇస్తే వ్రాస్తాము.

ఇక గొట్టాల కథ. 1980లు వచ్చేసరికి వేలిముద్ర యంత్రాలు అమ్మే కంపెనీలు బయలుదేరాయి. జపానువారిది ఒకటి, ఫ్రెంచివారిది ఒకటి, అమెరికావారిది ఒకటి. వాటి శక్తి ఏపాటిదో 1985 ఆగస్టులో తెలిసింది. లాస్ ఏంజెలిస్‌లో రాత్రులు ఇళ్ళలో దూరి హత్యలు చేస్తున్నవాడి ఒక్క వేలిముద్ర దొంగిలించిన కారులో దొరికింది. కాలిఫోర్నియావారి కొత్త యంత్రం నిమిషాలలో పేరు చెప్పింది. సీసాలో సాక్షి నోరు విప్పాడన్నమాట. దానితో ప్రతి నగరమూ యంత్రం కొనడానికి ఎగబడింది. కాని ఒక కంపెనీ యంత్రం తయారుచేసిన పట్టికను ఇంకొక కంపెనీ యంత్రం చదవలేదు. రాష్ట్రం దాటిన దొంగ కొత్తవాడయిపోయాడు. బాల్టిమోరు కొళాయి దగ్గర నిలబడ్డ ఫిలడెల్ఫియా గొట్టం పరిస్థితి!

బ్యూరోవారు కంపెనీలనూ, పోలీసులనూ, ఎఫ్.బి.ఐ.నీ ఒకచోట కూర్చోబెట్టారు. ఈ పనిలో మైఖేల్ మెకేబ్ పేరు ముఖ్యంగా చెప్పుకోవాలి. సలహాదారుకు అధికారం లేదన్న సంగతి ఇక్కడ గమనించాలి. కంపెనీని శాసించలేడు, జరిమానా వేయలేడు. ఓపికగా అందరినీ ఒప్పించి, కాగితం మీద పెట్టి, ఓటు వేయించడం ఒక్కటే అతని చేతిలో వుంది. 1986లో తొలి ప్రమాణం వెలువడింది. అది చుక్కల పట్టికను ఏ వరుసలో, ఏ కొలతలో వ్రాయాలో చెప్పింది. కాని అది అనుకున్నంతగా అక్కరకు రాలేదు. అసలు చుక్క అంటే ఏది, దిశ ఎటునుంచి కొలవాలి అన్న చోటనే కంపెనీల మధ్య పేచీ వుంది. చివరికి 1993 ప్రమాణంలో వేరే దారి పట్టారు. పట్టిక కాదు, బొమ్మనే పంపండి. అంగుళానికి 500 చుక్కలు, 256 నలుపు తెలుపు ఛాయలు. చదవడం ఎవరి యంత్రానికి వారి ఇష్టం.

అప్పుడు బొమ్మ బరువు సమస్య అయింది. ఒక కార్డు 10 మెగాబైట్లు, అటువంటివి మూడు కోట్లు, అదీ 1990ల నాటి తీగెల మీద! ఫోటోలకు వాడే కుదింపు పద్ధతిని గట్టిగా వాడితే బొమ్మ చిన్న చిన్న గళ్ళుగా విరిగి, గళ్ళ అంచులు వేలి గీతలను చెరిపేశాయి. గీతల మీది చెమట రంధ్రాలు మాయమయ్యాయి. లాస్ అలామోస్ గణితజ్ఞులూ, ఎఫ్.బి.ఐ.వారూ, నిస్ట్ వారూ కలిసి వేవ్‌లెట్ల లెక్కతో వేరే పద్ధతి కట్టారు. బొమ్మ పదిహేనింట ఒక వంతుకు కుదిరింది, గీతలు దక్కాయి. ఈ పునాదుల మీద 1999 జూలైలో ఎఫ్.బి.ఐ. దేశవ్యాప్త యంత్రాంగం పశ్చిమ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో పని మొదలుపెట్టింది. తపాలాలో వారాలు పట్టే జవాబు గంటల్లోకి దిగింది.

గొట్టాలు పట్టాయి, నీళ్ళు ప్రవహించాయి. ఏ నీళ్ళు అన్నది వేరే ప్రశ్న.

2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలాయి. స్పెయిన్ పోలీసులకు ఒక ప్లాస్టిక్ సంచి మీద దొరికిన ముద్రను ఎఫ్.బి.ఐ. యంత్రంలో వెదికారు. యంత్రం అలవాటు ప్రకారం దగ్గరగా వున్న ఇరవై మంది పట్టిక ఇచ్చింది. నాలుగవ పేరు బ్రాండన్ మేఫీల్డ్, ఒరెగాన్‌లో లాయరు. ఆయన వేళ్ళు యంత్రంలో ఎందుకున్నాయి? ఒకప్పుడు సైన్యంలో పనిచేశారు కనుక. ముగ్గురు ఎఫ్.బి.ఐ. నిపుణులు "ఇతడే" అన్నారు. కోర్టు నియమించిన నాలుగవ నిపుణుడూ "ఇతడే" అన్నారు. రెండు వారాలు జైలులో వున్న తరువాత స్పెయిన్‌వారు ఆ వేలు ఒక అల్జీరియా దేశస్థునిదని తేల్చారు. 2006లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి ఇరవై లక్షల డాలర్లు చెల్లించింది.

మేము ఈ కేసు గురించి చదివి చాలాసేపు ఆలోచించాము. యంత్రం తప్పు చెప్పలేదు. ఇరవై మందిని చూపి వీరిని చూడండి అన్నది. కోట్ల ముద్రల మధ్య వెదికితే నిజమైనవాడు అందులో లేకపోయినా చాలా దగ్గరగా పోలినవాడు ఒకడు దొరుకుతాడు. భాండాగారం పెద్దదయినకొద్దీ ఆ పోలిక ఇంకా దగ్గరవుతుంది. రక్తపరీక్షలో అంకె వస్తే అది రోగం కాదు, రోగిని చూడాలి అని మా గురువులు నేర్పిన పాఠమే ఇది. అంకె ఎలా వ్రాయాలో చెప్పే ప్రమాణం అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా వుంది. "ఇతడే" అనడానికి ఎంత పోలిక చాలునో చెప్పే ప్రమాణం మాత్రం లేదు. కొన్ని దేశాలు పన్నెండు చుక్కలు కలవాలన్నాయి. అమెరికా ఆ లెక్కను నిపుణుడి మనసుకు వదిలిపెట్టింది.

2009లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఈ విషయం మీద కటువుగానే వ్రాసింది. 2011లో 169 మంది నిపుణులను పరీక్షించి చూస్తే, వేరొకరి ముద్రను "ఇతడిదే" అనడం వెయ్యింట ఒకసారి, సరైన ముద్రను "కాదు" అనడం నూటికి ఏడున్నర సార్లు జరిగింది. శతాబ్దం పాటు కోర్టులలో "పొరపాటుకు తావే లేదు" అని చెప్పుకొన్న విద్యకు ఇంత పెద్ద ఎత్తున కొలత పడ్డది అప్పుడే. 2014 నుంచి నిస్ట్ ఆధ్వర్యంలో ఫోరెన్సిక్ ప్రమాణాల కోసం పెద్ద సంఘమే పనిచేస్తున్నది. సౌడర్ గారి పాత ప్రశ్న తిరిగి అదే ఇంటికి చేరింది.

ఇక మన సంగతి. 2001 సెప్టెంబరు తరువాత వీసాలకు వేలిముద్రల ప్రమాణాలు తేల్చే పని చట్టం నిస్ట్‌కు అప్పగించింది. 2004 జనవరి నుంచి విమానాశ్రయాలలో రెండు చూపుడు వేళ్ళు, 2007 చివరినుంచి పది వేళ్ళు. దొంగల కోసం పుట్టిన విద్య పౌరులందరి విద్య అయింది. అప్పుడు బయటపడ్డ ఇబ్బంది వేళ్ళే లేనివారిది. తల్లి గర్భంలో పదో వారం దగ్గర మొదలై ఆరో నెల నాటికి స్థిరపడే ఈ గీతలు చచ్చేదాకా మారవంటారు. నిజమే, కాని అరుగుతాయి. 2009లో సింగపూరు వైద్యులు తమ రోగి గురించి ఒక కేన్సరు పత్రికలో వ్రాశారు. కెపెసైటబీన్ వాడుతూ వుండిన 62 ఏళ్ళ మనిషికి ఆ మందు వలన వేలికొసల చర్మం ఊడి గీతలు పోయాయి. అమెరికాలో బంధువులను చూడబోతే విమానాశ్రయంలో నాలుగు గంటలు ఆపేశారు. అటువంటి రోగులు ప్రయాణానికి ముందు డాక్టరు ఉత్తరం దగ్గర పెట్టుకోవాలి. మాకూ లైసెన్సుకు ఇచ్చిన ముద్రలు ఒకసారి చదవడానికి రావడం లేదని తిరిగివచ్చాయి. రోజుకు యాభైసార్లు స్పిరిట్‌తో చేతులు రుద్దుకొనేవారికి ఇది మామూలే. నాలుగు రోజులు వాజలైను రాసుకొని మళ్ళీ ఒత్తాము, సరిపోయింది.

ఇంటి దగ్గర అంత తేలిక కాదు. ముద్ర ఎంత బాగుందో ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేసే లెక్కను నిస్ట్ 2004లో ఉచితంగా లోకానికి ఇచ్చింది. ఒకటి ఉత్తమం, ఐదు అధమం. చుక్కల పట్టికకు మళ్ళీ ప్రాణంపోసి అంతర్జాతీయ ప్రమాణం చేసే పనిలోనూ ఆ కచేరీకి చెయ్యి వుంది. ఆధార్ పెట్టినప్పుడు మన దేశం ఎంచుకొన్నవి ఆ అంతర్జాతీయ ప్రమాణాలనే. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి రేషను షాపులకు వచ్చిన ఈపాస్ యంత్రం, వెగ్‌స్టీన్ గీసిన చుక్కల పటానికి మునిమనుమరాలు. మిరపకాయలు కోసిన చేతులకూ, సున్నం కలిపిన చేతులకూ, డెబ్బై ఏళ్ళు నాట్లు వేసిన చేతులకూ ఆ యంత్రం ఐదు మార్కే వేస్తుంది. ఒకప్పుడు చదువు రానివారు వేసేది వేలిముద్ర, ఇప్పుడు ఆ ముద్రకూ వారు నోచుకోలేదు. అటువంటివారికి కంటిపాప చూడడమో, ఫోనుకు అంకెలు పంపడమో, వి.ఆర్.వో. వచ్చి తన వేలు ఒత్తడమో ఏర్పాటు చేశారు. వి.ఆర్.వో. ఆ రోజు వూళ్ళో వుంటే బియ్యం అందుతుంది. లేకపోతే సంచి మడిచి చంకన పెట్టుకొని, మర్నాడు మళ్ళీ రావాలి.